పది సెకన్ల స్మృతిలో ఒక ఆల్బమ్

1992 జూన్‌లో అమెరికాలో వెలువడిన ‘మెక్కా అండ్ ద సోల్ బ్రదర్’ అను హిప్‌హాప్ ఆల్బమ్‌ను వినువారికి, అందలి ఆంగ్లపదములు బోధపడినను పడకున్నను, ఒక విశేషము తప్పక చెవికి తగులును. అందులోని శాక్సఫోను, ట్రంపెట్టు, పియానో మున్నగు వాద్యములు ఎదుట కూర్చుండి వాయించుచున్నట్లు తోపవు. ఎంతో దూరమునుండి, ఒకానొక గతకాలమునుండి వచ్చుచున్నట్లు తోచును. బేసు గిటారు తీగపై వ్రేలు తగిలిన చప్పుడు వినరాదు గాని, దాని మంద్రధ్వని మాత్రము గది నేలను అదరించును. డ్రమ్ము దెబ్బలలో ఒక గరుకుదనము, సింబళ్ళలో ఒక విచిత్రమైన లోహపు తళుకు కలవు. అభిమానులు దీనిని వెచ్చదనమనిరి, ఆత్మయనిరి, ముద్దుగా మురికి యనియు పిలిచిరి. ఈ మాటలలో అసత్యము లేదు. కాని కారణమును మాత్రమవి చెప్పవు. ఆ ధ్వని పుట్టుకను వెదకుచు పోయినవాడు తుదకు ఒక చిన్న భాగహారము ముందు నిలుచును: 45ను 33⅓ చేత భాగించగా వచ్చునది ఎంత?

ఈ ఆల్బమ్‌కు కర్తలిద్దరు. పదములు కూర్చి పలికినవాడు సి. ఎల్. స్మూత్, వాద్యరచన చేసినవాడు పీట్ రాక్ అను పేర ప్రసిద్ధుడైన పీటర్ ఫిలిప్స్. ఇరువురును న్యూయార్కు నగరపు ఉత్తరపుటంచున, బ్రాంక్స్‌ను ఆనుకొనియున్న మౌంట్ వెర్నన్ వారు. ఆల్బమ్ వెలువడునాటికి పీట్ రాక్‌కు ఇంకను ఇరువదిరెండేండ్లు నిండలేదు. హిప్‌హాప్‌లో ప్రొడ్యూసరు మన చలనచిత్రములలోవలె పెట్టుబడి పెట్టువాడు కాడు, సంగీతమును నిర్మించువాడు. ఆ నిర్మాణమునకు ఇతడు ఆశ్రయించిన సామగ్రి చూడగా ఆశ్చర్యము కలుగును: అటకలపైనను, పాత సామానుల అంగళ్ళలోను దుమ్ము పట్టియున్న 1960, 70ల నాటి రికార్డులు, వాటిని త్రిప్పుటకొక టర్న్‌టేబిల్, ఆ ధ్వనిని ముక్కలుగా పట్టి ఉంచుటకు శాంప్లర్ యంత్రములు. వాని ఫలితము మన్‌హటన్‌లోని గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలో, జేమీ స్టౌబ్ అను ఇంజనీరు సాయమున, టేపునకెక్కి ఆల్బమ్ ఐనది.

ఈ పద్ధతికి బీజము అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే పడినది. జమైకా నుండి వలస వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు, డీజే కూల్ హెర్క్ అను పేర, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 సంఖ్య గల భవనమున జరిగిన విందులో రికార్డులు వేసెను. పాటలో గానమాగి డ్రమ్ములు ఒంటిగా మ్రోగు కొద్ది సెకన్ల భాగమునకే జనము నృత్యమునకు ఉరుకుచుందురని గ్రహించినవాడతడు. బ్రేక్ అని పిలువబడు ఆ భాగమును, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబిళ్ళపై నుంచి, ఒకదానిలో ముగియగానే రెండవదానిలో ఎత్తుకొనుచు, నిమిషముల తరబడి సాగదీయు విద్యను అతడు ఆ కాలముననే రూఢి చేసెను. చేతులతో చేయుచుండిన ఆ ఆవృత్తిని యంత్రమునకు అప్పగించుటయే తరువాతి పదునైదేండ్ల చరిత్ర.

ఆ యంత్రములలో పీట్ రాక్ చేతికి అమరినది ఎస్‌పి-1200. కాలిఫోర్నియాకు చెందిన ఈ-ము సిస్టమ్స్ వారు, డేవ్ రోసమ్ అను ఇంజనీరు రూపకల్పనతో, 1987లో దీనిని విపణిలోనికి తెచ్చిరి. ముందువైపున వ్రేలితో కొట్టుటకు ఎనిమిది మీటలు, పైకి క్రిందికి జరుపుటకు ఎనిమిది స్లైడర్లు, ప్రక్కన ఒక ఫ్లాపీ డిస్కు. చూపునకు ఆఫీసు యంత్రమువలె నుండు ఈ పెట్టెను దాని కర్తలు డ్రమ్ము దెబ్బలను, అనగా ఒక్కొక్కటి సెకనులో కొంత భాగము మాత్రమే ఉండు ధ్వనులను, నిలువయుంచుటకే ఉద్దేశించిరి. పాటల ముక్కలకు ముక్కలే అందులో పట్టింపబూనుదురని వారు తలచియుండరు. యంత్రము యొక్క స్మృతిసామర్థ్యము మొత్తము పది సెకన్లు. అందులోను ఏ ఒక్క శాంపిలును రెండున్నర సెకన్లకు మించరాదు.

శాంపిలనగా నేమో ఇక్కడ కొంచెము నిదానముగా చూడవలసియున్నది. ధ్వని గాలిలో కలుగు ఒత్తిడి హెచ్చుతగ్గుల తరంగము. ఆ తరంగమును మైకు గాని, రికార్డు గాళ్ళలో నడచు సూది గాని విద్యుత్తరంగముగా మార్చును. యంత్రము ఆ విద్యుత్తరంగము యొక్క ఎత్తును నియతకాలమునకొకసారి కొలిచి సంఖ్యగా వ్రాసికొనును. ఎస్‌పి-1200 సెకనుకు 26,040 సార్లు ఈ విధముగా కొలుచును. ఒక తరంగమును కొలతల నుండి తిరిగి తప్పు లేకుండ నిర్మింపవలెనన్నచో, దానిలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువ వేగముతో కొలువవలెనని తెలిపెడి సిద్ధాంతమునకు 1928లో బెల్ టెలిఫోను సంస్థలకు చెందిన హ్యారీ నైక్విస్ట్ పునాది వేయగా, 1949లో క్లాడ్ షానన్ దానిని సంపూర్ణమైన గణితరూపమున ప్రకటించెను. దీనిని బట్టి ఈ యంత్రము పట్టుకొనగల ధ్వనికి ఎగువ హద్దు 26,040లో సగము, అనగా 13,020 హెర్ట్జులు. యౌవనములో మన చెవి ఇంచుమించు 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. కంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 సార్లు కొలుచుటకు కారణమదియే. కాబట్టి ఎస్‌పి-1200 గుండ పోయిన ఏ రికార్డైనను తన కొన మెరుపును ముందుగనే కోల్పోవును. ధ్వని దూరమునుండి వచ్చుచున్నదని మనకు తోచుటకు ఇది మొదటి హేతువు; ఏలయన వాస్తవమునను దూరమునుండి వచ్చు ధ్వనిలో తీవ్రస్వరాంశములే గాలిలో ముందుగా ఇంకిపోవును.

అసలు చిక్కు స్మృతి యొద్ద వచ్చినది. నిమిషమునకు 90 తాళపు దెబ్బల వేగముతో నడచు పాటలో నాలుగు దెబ్బల ఆవృత్తికి పట్టు కాలము 2.67 సెకన్లు, యంత్రము ఒక్క శాంపిలునకు ఇచ్చునది 2.5 సెకన్లే. ఒక్క ఆవర్తము తుద ముట్టకముందే యంత్రము నోరు మూసికొనును. హిప్‌హాప్ నడక ఇంచుమించు ఈ వేగముననే యుండుటచేత ఇది ప్రతిదినమును ఎదురగు బాధ. దీనికి న్యూయార్కు యువకులు కనిపెట్టిన ఉపాయము, ఎంత సులభమో అంత చమత్కారమైనది. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన లాంగ్ ప్లే రికార్డును 45 చుట్ల వేగముతో త్రిప్పి, ఆ వడిలో శాంపిలు చేసికొని, తరువాత యంత్రములోని శ్రుతి స్లైడరుతో అంతమేరకు క్రిందికి దింపుదురు. 45ను 33⅓ చేత భాగింపగా 1.35. రికార్డు 1.35 రెట్లు వడిగా తిరుగుటచేత 2.67 సెకన్ల ఆవర్తము 1.98 సెకన్లలో ముగిసి యంత్రమున సుఖముగా ఇమిడిపోవును. పది సెకన్ల స్మృతి పదమూడున్నర సెకన్లకు పెరిగినట్లే. ఆ వడిలో శ్రుతియు పెరుగును: కర్ణాటక సంగీతపు లెక్కలో చెప్పవలెనన్నచో షడ్జము పోయి శుద్ధమధ్యమమును ఒక్క వెండ్రుకవాసి దాటి నిలుచును, పురుషుని కంఠము బాలుని కంఠమగును. తిరిగి దింపినప్పుడు శ్రుతి యథాస్థానమునకు వచ్చును గాని ధ్వని మాత్రము పూర్వపు ధ్వని కాదు.

ఏల కాదో చూడుడు. దింపిన పిదప సెకనుకు 26,040 గా నుండిన కొలతలు 1.35 రెట్లు పలుచబడి, పాట యొక్క అసలు కాలమానములో సెకనుకు 19,289 మాత్రమే మిగులును. ఎగువ హద్దు 13,020 హెర్ట్జుల నుండి 9,644కు పడిపోవును. ఇది నష్టము. దీని వెంట ఒక లాభమును వచ్చినది. సాంకేతికముగా అదియు దోషమే. నేటి యంత్రములు శ్రుతి దింపునప్పుడు రెండు కొలతల నడుమ ఏ విలువ యుండునో గణించి పూరించును. ఎస్‌పి-1200లో ఆ గణనకు అవసరమైన శక్తి లేదు. అది ఉన్న కొలతనే అవసరమైనచోట మరల చదివి కాలక్షేపము చేయును. ఇట్లు చేయగా తరంగము నునుపుగా సాగక మెట్లుమెట్లుగా విరుగును. ఆ విరుపుల నుండి అసలు ధ్వనిలో లేని స్వరాంశములు, నిజమైన పౌనఃపున్యములకు అద్దములోని ప్రతిబింబములవలె, హద్దునకు అవతలి వైపున పుట్టును. ఒక సింబలులో 8,000 హెర్ట్జుల అంశమున్నదనుకొందము. 19,289 నుండి దానిని తీసివేయగా వచ్చు 11,289 హెర్ట్జుల చోట దాని ఛాయ యొకటి మ్రోగును. ఈ ఛాయలు శ్రుతితో సంబంధము లేనివి. అసలు ధ్వని పైకి పోయినకొలది ఇవి క్రిందికి వచ్చును. మన పౌరాణిక చిత్రములలో రథము ముందునకు ఉరుకుచుండగా చక్రముల ఆకులు వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట ఎల్లరెరిగినదే. సెకనుకు ఇరువదినాలుగు బొమ్మలు మాత్రమే తీయు కెమెరా చక్రమును మోసగించినట్లే, పలుచని కొలతలు చెవిని మోసగించును. మొదట చెప్పిన లోహపు తళుకు ఇదియే. యంత్రము వెనుకనున్న ఎనిమిది నిర్గమములలో ఏడవ, ఎనిమిదవవానికి వడపోత లేకుండుటచేత ఈ ఛాయలు అడ్డులేక బయటికి వచ్చును; మొదటి రెండింటికి ఫిల్టరు ఉండుటచేత అణగిపోవును. ఏ ధ్వనిని ఏ నిర్గమమునకు కలుపవలెనో తెలిసికొనుటయే ఆనాటి బీట్‌మేకరుల విద్యలో సగము.

ఇచ్చట ఒక లోకాభిప్రాయముతో నాకు అంగీకారము లేదు. ఎస్‌పి-1200 గరుకుదనమునకు దాని 12 బిట్లే కారణమని తరచుగా వినవచ్చును. 12 బిట్లనగా ప్రతి కొలతను 4,096 మెట్లలో ఏదో ఒక మెట్టుగా గుర్తించుట; కంపాక్ట్ డిస్కు 16 బిట్లతో 65,536 మెట్లను ఇచ్చును. ఒక్కొక్క బిట్టు సుమారు ఆరు డెసిబెళ్ళ వెసులుబాటు నిచ్చును గనుక 12 బిట్ల యంత్రములో సవ్వడికిని సంగీతమునకును నడుమ 72 డెసిబెళ్ళ ఎడముండును. రికార్డు నుండి వచ్చు ధ్వనియందో, సూది రాపిడి సవ్వడికిని సంగీతమునకును నడుమనున్న ఎడము సాధారణముగా 60 డెసిబెళ్ళ పరిసరములలోనే యుండును. రికార్డు రొద యంత్రపు రొదను అప్పటికే ముంచివేసినదన్న మాట. డ్రమ్ము దెబ్బ తగ్గి తగ్గి మౌనములో కలియు చివరి క్షణములలో 12 బిట్ల మొరటుతనము వినబడునేమో గాని, పాట మధ్యలో వినబడు గరుకుదనమునకు దానిని నిందించుట న్యాయము కాదు. నేరము శ్రుతి దింపు పద్ధతిది. అనగా, వెనుకకు పోయి చూచిన, పది సెకన్ల స్మృతిది.

ఇక బేసు సంగతి. పాత రికార్డులో బేసు గిటారు ఒంటిగా వినబడు చోటు దొరకుట అరుదు. దానిపై పియానో, గానము, డ్రమ్ములు పేరుకొని యుండును. వానినుండి బేసును మాత్రమే విడదీయుట ఎట్లు? బేసు గిటారు నాలుగు తీగల మూలపౌనఃపున్యములు 41, 55, 73, 98 హెర్ట్జులు. మెట్లపై నొక్కుచు పోయినను సాధారణమైన నడక 200 హెర్ట్జుల లోపుననే సాగును. తక్కిన వాద్యముల సారము చాలవరకు అంతకు పైన. మంద్రస్వరములను మాత్రమే పోనిచ్చు ఫిల్టరును ఆ ప్రాంతమునకు దింపినచో మిగిలినవన్నియు మూసిన తలుపుల వెనుకకు పోయి, బేసు ఒక్కటి నిలుచును. ఎస్‌పి-1200 మొదటి నిర్గమములలోని ఫిల్టరు ఒక స్థాయి, అనగా షడ్జము నుండి పైషడ్జము వరకు, ఎక్కునప్పటికి ధ్వనిని 24 డెసిబెళ్ళు తగ్గించును; అనగా తరంగపు ఎత్తు పదునారవవంతగును, రెండు స్థాయులెక్కునప్పటికి రెండువందల యేబదియారవవంతగును. దీనికి తోడుగా ఆ తరము వారు అకాయ్ సంస్థ వారి ఎస్‌950 అను శాంప్లరును, ముఖ్యముగా దాని ఫిల్టరు కొరకు, ఆశ్రయించిరి. పీట్ రాక్ ఈ వడపోతలో సిద్ధహస్తుడు.

వడపోసిన బేసులో తీగ మీటిన టక్కు చప్పుడు ఉండదు. ఏలయన ఆ చప్పుడంతయు తీవ్రస్వరాంశముల వలన కలుగునది. చిన్న రేడియోలో ఈ బేసు ఇంచుమించు మాయమైపోవును. చిన్న స్పీకరులు 100 హెర్ట్జుల క్రింది ధ్వనిని ఎట్లును పలుకలేవు. మామూలు బేసు వానిలో వినబడుచున్నదన్నచో దాని పై అంశములను బట్టి చెవి మూలస్వరమును ఊహించుకొనుచున్నదన్న మాట, వడపోతలో ఆ పై అంశములే పోయినవి. పెద్ద స్పీకరులమర్చిన కారులో మాత్రము అదే బేసు వీపునకు తగులును. ఆ సంగీతము కారులలో వినుటకు చేయబడినదని పెద్దలు విసుగుకొనుచుండిరి. భౌతికశాస్త్రము వారి పక్షముననే యున్నది.

డ్రమ్ములను వేరుచేయుటకు మరియొక ఉపాయముండెను. దీనిని తలచినప్పుడు పాల్ సి. అను పేర పిలువబడిన ఇంజనీరును తలపక తప్పదు. క్వీన్స్ ప్రాంతమువాడైన ఈతడు 1989లో, చిన్నవయసుననే, హత్యకు గురయ్యెను. తన యంత్రవిద్యను లార్జ్ ప్రొఫెసర్ మున్నగు తరువాతివారికి నేర్పిపోయెను. 1960లలో స్టీరియో కొత్తగా వచ్చినప్పుడు రికార్డింగు ఇంజనీరులు వాద్యములను కుడియెడమలకు పూర్తిగా పంచివేయుచుండిరి. అందుచేత కొన్ని రికార్డులలో డ్రమ్ములన్నియు ఒక్క చెవిలోనే వినబడును. పాల్ సి. ఆ ఒక్క చానెలును మాత్రమే తీసికొని రెండవదానిని త్రోసివేయగా, బ్రేక్ అనునది లేని పాట నుండియు శుద్ధమైన డ్రమ్ములు లభించెను. అల్ట్రామాగ్నెటిక్ ఎమ్‌సీస్ వారి 1988 నాటి ‘గివ్ ద డ్రమ్మర్ సమ్’ అను పాట ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అందరి కండ్లయెదుట ఉండియు ఎవరికిని కనబడని తాళపుచెవి అది; ఇట్టి సాదా ఉపాయములను చూచినప్పుడు నాకు క్లిష్టమైన యంత్రముల మీద గౌరవము కొంత తగ్గును.

ముక్కలు చేతికి వచ్చిన తరువాత వానిని తాళమునకు కట్టుట వేరొక విద్య. యంత్రము ప్రతి దెబ్బను సమానమైన విరామములలో వేసినచో నడక గడియారమువలె బిగిసిపోవును. రోజర్ లిన్ అను ఇంజనీరు 1980లో తెచ్చిన ఎల్ఎమ్-1 డ్రమ్ము యంత్రములో దీనికి స్వింగ్ అను సదుపాయమును కల్పించెను. రెండేసి దెబ్బలను ఒక జంటగా తీసికొని, జంటలోని రెండవ దెబ్బను కొంచెము ఆలస్యము చేయుటయే స్వింగ్. జంట కాలములో మొదటి దెబ్బకు 50 శాతము చెందినచో అది మన చతురశ్ర నడక. 66 శాతము చెందినచో తిశ్ర నడక. ఆ రెండింటి నడుమ 54, 58, 62 అను మెట్లు గలవు. మన లయశాస్త్రములో వీనికి పేర్లు లేవు గాని వాయించువారి చేతులలో మాత్రము ఎప్పుడును ఉన్నవే. నిమిషమునకు 90 దెబ్బల వేగమున, దెబ్బను నాలుగుగా విభజించినప్పుడు, ఒక జంటకు పట్టునది సెకనులో మూడవవంతు; 50 నుండి 58 శాతమునకు జరుపుట వలన రెండవ దెబ్బ ఆలస్యమగునది సెకనులో నలుబదవవంతు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. అంత స్వల్పమైన ఆలస్యమును చెవి ఆలస్యముగా గుర్తింపదు; నడకలో ఒక వాలుగా, తల ఊపించు గుణముగా గుర్తించును.

ఇన్ని విద్యలును ఒక్కచోట కూడిన పాట ఈ ఆల్బమ్‌లోని ‘దే రెమినిస్ ఓవర్ యూ’. హెవీ డి అండ్ ద బాయిజ్ అను బృందములో నర్తకుడైన ట్రాయ్ డిక్సన్ 1990లో ఇండియానాపొలిస్‌లో ఎత్తునుండి పడి మరణించెను. ఆ బృందనాయకుడు హెవీ డి, పీట్ రాక్‌కు దాయాది. పాట పేరులోని నాలుగు ఆంగ్లపదముల మొదటి అక్షరములు కలిపిన ట్రాయ్ అని వచ్చును. శోకములో నున్న పీట్ రాక్‌కు దొరికినది టామ్ స్కాట్ అను శాక్సఫోను వాద్యకారుని 1967 నాటి ‘ద హనీసకిల్ బ్రీజ్’ అను రికార్డు. అప్పటికి స్కాట్‌కు పందొమ్మిదేండ్లు. అందులో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అను రాక్ బృందము వారి ‘టుడే’ అను ప్రేమగీతమును, వెనుక ఒక గాయకబృందము ఆలపించుచుండగా, అతడు తన వాద్యముపై పలికించెను. పీట్ రాక్ మొదట దాని బేసును విని కరగిపోయి, ఆ బేసుతోనే పని మొదలుపెట్టి, పిదప మరికొంత దూరము వినగా శాక్సఫోను పలుకు తటస్థపడెనని తానే చెప్పియున్నాడు.

ఈ క్రమము గమనింపదగినది. శాక్సఫోను పలుకే ఈ పాటకు ముఖమని లోకమంతయు ఎరుగును. కాని కర్తకు అది రెండవది. ముందుగా పడినది నేల. ఒకే రికార్డు నుండి తీసిన బేసును ఒకచోటను, శాక్సఫోనును మరియొకచోటను వేర్వేరు ముక్కలుగా నుంచుటచేత, స్కాట్ పాటలో ఒకదాని వెంట ఒకటి నడచుచుండినవి ఇచ్చట కర్త ఇచ్ఛననుసరించి కలియును, విడిపోవును. డ్రమ్ములు వేరొక రికార్డువి. శాక్సఫోనుపై స్టూడియోలో ప్రతిధ్వనిని హెచ్చుగా చేర్చుటచేత, తీవ్రస్వరములు పోగొట్టుకొని యున్న ఆ పలుకు విశాలమైన శూన్యగృహములో వినబడునట్లు తోచును. ఒక విధముగా ఇది అక్కరను ఆభరణముగా చేసికొనుట: యంత్రపు పేదరికము చేత పోయిన మెరుపును తిరిగి తెచ్చుటకు ప్రయత్నింపక, ఆ పోయినతనమునే మృతస్నేహితుని స్మరించు పాటకు తగిన దూరముగా మార్చుట. చెప్పవలసినదంతయు చెప్పి సి. ఎల్. స్మూత్ తన తల్లిని, తాతను, మేనమామను తలచుకొనుచుండగా వెనుక ఆ శాక్సఫోను పలుకు మరల మరల వచ్చును. అది ప్రతిసారియు అదే, మార్పు లేనిది. మనుష్యుడు వాయించినచో మూడవసారికైనను కొంచెము మారియుండెడిది.

ఈ మార్పులేనితనమే పరిశోధకునకు పట్టుగొమ్మ. పాత రికార్డుపై దుమ్మురేణువు వలన కలిగిన ఒక చిటుకు శాంపిలులో పడినదనుకొందము. ఆ శాంపిలు ఆవృత్తమైనప్పుడెల్ల ఆ చిటుకును అదే స్థానమున తిరిగి వచ్చును. దానిని లెక్కించుచు పోయిన, ఎంత పొడవు ముక్క ఆవృత్తమగుచున్నదో, ఎక్కడ కోతపడినదో తెలియును. చెవికి అందనిచో వర్ణపటము చూపును: కాలమును అడ్డముగను, పౌనఃపున్యమును నిలువుగను పరచి, బలమును రంగుగా వేసిన ఆ చిత్రములో చిటుకు ఒక సన్నని నిలువుగీతగా కనబడును, యంత్రపు ఎగువ హద్దు, కత్తితో కోసినట్లు, అడ్డగీతగా కనబడును. ఆ అడ్డగీత 13,000 హెర్ట్జుల దగ్గర నున్నచో ఒక కథ. వాద్యపు అసలు అంశములు 9,600 దగ్గర ఆగిపోయి, పైన తలక్రిందులైన ఛాయలు ఉన్నచో మరియొక కథ. రెండవ కథలో రికార్డు 45 వేగమున తిరిగినదని ఊహింపవచ్చును.

మరియొక పరీక్ష ఇంకను ముచ్చటైనది. పాటలోని రెండు ఆవర్తములను కోసి, ఒకదాని తరంగమును తలక్రిందులు చేసి రెండవదానితో కలిపిన, రెండును ఒకటే యైనచో ఒకదానినొకటి రద్దు చేసికొని మౌనము మిగులవలెను. గానము నడచు చోట్ల ఆ మౌనములో గానము మాత్రము తేలివచ్చును. వాస్తవములో పూర్తి మౌనము ఎన్నడును రాదు. ఆనాటి స్టూడియోలలో యంత్రము నుండి వచ్చిన ధ్వనిని రెండు అంగుళముల వెడల్పు గల టేపుపైకి ఎక్కించుచుండిరి గనుక, టేపు వేగములోని సూక్ష్మమైన తడబాటు రద్దును చెడగొట్టును. అందుచేత మిగిలిన పీలధ్వనియు సాక్ష్యమే. యంత్రము పొరపడలేదు, టేపు తడబడినది, అను సంగతిని అది చెప్పును. మనుష్యుల సాక్ష్యము ఇంత నిలుకడగా నుండదు. ముప్పదియేండ్ల తరువాత అడిగినప్పుడు ఏ రాత్రి ఏ యంత్రము వాడితిమో ఎవరికి జ్ఞాపకముండును? వారు చెప్పినది అబద్ధము కానక్కరలేదు; పలుమార్లు చెప్పి చెప్పి నునుపు తేరియుండును. రికార్డు చెప్పిన దానితో సరిపోయినంతవరకు దానిని గ్రహించుట మేలు.

ఈ శిల్పమునకు అడ్డు వచ్చినది న్యాయస్థానము. 1991 డిసెంబరులో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానము, గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాటను అనుమతి లేకుండ శాంపిలు చేసిన బిజ్ మార్కీ అను గాయకునికి వ్యతిరేకముగా తీర్పు చెప్పి, ఆ చర్యను దొంగతనముతో సమానము చేసెను. ఆరు నెలల తరువాత వెలువడిన పీట్ రాక్ ఆల్బమ్‌లో శాంపిళ్ళు విస్తారముగనే యున్నవి. కాని అప్పటినుండి ఒక్కొక్క ముక్కకు అనుమతియు, రుసుమును ఏర్పడుటచేత, ఒక్క పాటలో పది పన్నెండు రికార్డులు కలుపుట ధనవంతుల విలాసమైనది. గుర్తుపట్టరానంత చిన్న ముక్కలుగా కోయు పద్ధతి బలపడుటకు రసికత ఎంత కారణమో ఈ భయమును అంత కారణము.

స్మృతి ఇప్పుడు చవుక. చేతిలోని ఫోనులో ఎస్‌పి-1200లు కొన్ని వేలు ఇమిడిపోవును. ఐనను 2021లో డేవ్ రోసమ్ తానే ఆ యంత్రమును అదే 26,040 కొలతలతో, అదే 12 బిట్లతో మరల తయారుచేసి అమ్మెను. ఆ దోషములను అనుకరించు సాఫ్ట్‌వేరులును పుట్టినవి. నునుపైన ధ్వనిని మొదట వేగము పెంచి, పలుచగా కొలిచి, తిరిగి దింపి, లేని ఛాయలను గణించి కల్పించుటకు నేటి కంప్యూటరు పనిగట్టుకొని శ్రమపడును. దీని వలన పరిశోధకునికి కొత్త చిక్కు వచ్చిపడినది. వర్ణపటములో 9,600 దగ్గర అడ్డగీతయు, పైన తలక్రిందులైన ఛాయలును కనబడినంత మాత్రమున ఇది 1992 నాటి పని యని చెప్పుటకు ఇప్పుడు వీలులేదు. నిన్న రాత్రి ఎవరో ల్యాప్‌టాపుపై చేసినదియు కావచ్చును. అట్టిచోట టేపు తడబాటు ఉన్నదో లేదో చూడవలెను. అదియు అనుకరింపబడినదేమోనని శంకింపవలెను. తుదకు స్టూడియో వారు టేపు పెట్టెలపై చేతితో వ్రాసిన ట్రాకు పట్టికలను, ఇంకను చదువుటకు వీలుగా మిగిలిన ఫ్లాపీలను వెదకుకొనుచు పోవలెను.